తన్లిన్‌లో కాగితం ఏనుగు, నేను కేకేసిన పేరు

బర్మాలో, యాంగోన్‌లో ఉండే అప్పలనర్సు మావయ్య పంపిన ఒక పాత ఫోటోతో ఈ ప్రయాణం మొదలైంది. కాగితంతో చేసిన ఏనుగు బుడగ, కింద మంట వేడికి పొట్ట ఉబ్బి, ఇళ్ల కప్పుల మీద తేలుతోంది. మావయ్య మా అమ్మకు పెదనాన్న కొడుకు. ఆ పెదనాన్న కుర్రతనంలో ఓడరేవు పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. మన కార్తీక పున్నమి రోజుల్లోనే వాళ్లకు తజౌండైన్ పండగ, ఇలాంటి బుడగలు ఎగరేసేది అప్పుడే. అక్కడ సైనిక తిరుగుబాటు, కర్ఫ్యూ అని ఇంట్లో ఎంత మొత్తుకున్నా వినకుండా కలకత్తా మీదుగా విమానమెక్కాను. అంత సరదా నాది. ఇక్కడ రాసిన పేర్లన్నీ మార్చినవే.

దిగిన సాయంత్రమే మావయ్య నన్ను కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. ఆయన కూతురు బడిలో టీచరు. సైన్యం గద్దెనెక్కాక సమ్మెలో చేరింది, అప్పటినుంచి ఆమె కోసం వెతుకుతున్నారు. నది అవతల ఊరు తన్లిన్‌లో, తన మేనత్త ఇంట్లో దాక్కుంది. అక్కడి మనవాళ్లందరిలాగే ఆమెకూ రెండు పేర్లు: బడికీ కార్డుకీ నీలార్, ఇంట్లో పైడి. "బయట పైడనే పిలు బాబూ. ఆ బర్మా పేరే ఆళ్ల కాగితాల్లో ఉంది," అన్నాడు. నేను బుద్ధిగా తలూపాను.

మర్నాడు మధ్యాహ్నం బస్సులో బయల్దేరాం. చార్జీ స్వల్పమే. బగో నది వంతెన దగ్గర సోదా మాత్రం చాలాసేపు పట్టింది, అందుకే వెళ్లేవాళ్లు ఓ గంట చేతిలో ఉంచుకోండి. దారంతా నేను కొత్తగా నేర్చిన మర్యాదలు ఒలకబోశాను. పెద్దాయన్ని 'ఉ' అనాలి, పెద్దావిణ్ణి 'డా', కుర్రాణ్ణి 'కో', అమ్మాయిని 'మా'. డ్రైవర్ని పేరడిగి ముందు 'ఉ' చేర్చి పిలిస్తే ఆయన మురిసిపోయి నవ్వాడు. అక్కణ్ణుంచి నన్ను పట్టలేకపోయారు. టీ కొట్టు డా నుంచి టిక్కెట్ల కో దాకా ఎవర్నీ వదల్లేదు.

రాత్రి కర్ఫ్యూ వల్ల ఆ ఏడు తన్లిన్ పేటవాళ్లు బుడగల్ని పగలే ఎగరేస్తున్నారు. పైడి వద్దనుకుంటూనే వచ్చింది. నెలల తరబడి గడప దాటలేదట, నాకోసమే గొడుగు పట్టుకుని బయటికొచ్చింది. మైదానం మధ్య ఏనుగు చుట్టూ డప్పులు మోగుతున్నాయి. దివిటీల వేడికి తొండం లేచింది, కాళ్లు నిలబడ్డాయి, ఏనుగు నేల వదిలింది. గుంపులో పైడి కాస్త వెనకబడింది. ఆమె ఆ క్షణం చూడలేకపోతుందేమోనని నా ఆత్రం. చెయ్యెత్తి, గొంతెత్తి, మర్యాద తప్పకుండా కేకేశాను.

"మా నీలార్!"

పక్కనున్న వాళ్లెవరూ తల తిప్పలేదు. టీ బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు మగవాళ్లు తిప్పారు.

పైడి గొడుగు దించుకుని నా పక్కకొచ్చింది. "పైకే సూడు బావా. నా ఏపు సూడకు," అని మెల్లిగా అంది. నేను పైకి చూశాను. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, ఎవరో తెలియనివాళ్లు, మాటల్లో పడ్డట్టు ఆమె చుట్టూ చేరారు. మళ్లీ కిందకి చూసేసరికి ఆమె లేదు. ఆ ఇద్దరూ గుంపులో వెతుక్కుంటూ నా ముందునుంచే వెళ్లారు. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

పైడి వాళ్లకి దొరకలేదు. కానీ మేనత్త ఇంటికి మళ్లీ వెళ్లలేకపోయింది. తన బట్టలు కూడా తీసుకోకుండా ఎక్కడికో వెళ్లిపోయింది. ఆ రాత్రి మావయ్య నన్ను భోజనానికి పిలిచాడు. "ఏటి సేస్తాం, పండగ కదా, నోరు జారింది," అని నా కంచంలో అన్నం వడ్డించాడు. తిట్టి ఉంటే తినగలిగేవాణ్ణేమో.

బుడగలు బాగున్నాయా అని స్నేహితులు అడుగుతారు. బాగున్నాయి. ఏనుగు నది మీదుగా ఎంతో దూరం వెళ్లిందట, నేను సరిగా చూడలేదు. ఒక దేశం ఊపిరి బిగబట్టి ఉంటే నేను నాలుగు పలకరింపులు నేర్చుకుని, ఆ దేశం నాకు తెలిసిపోయిందనుకున్నాను. అటు వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇదొక్కటే: ఎవర్ని ఏ పేరుతో పిలవాలో ముందే అడగండి, గుంపులో మాత్రం ఎవర్నీ పిలవకండి, దగ్గరికెళ్లి చెయ్యి తట్టండి. పైడి క్షేమంగానే ఉందని మావయ్య మొన్న ఫోన్లో అన్నాడు. ఇప్పుడు మూడో పేరుతో ఉంటోందట. ఆ పేరేమిటో ఆయన చెప్పలేదు, అడిగే మొహం నాకు లేదు.