సదాశివరావు గారి పద్దెనిమిదో రాజీనామా

సదాశివరావు గారు రాజీనామా చేస్తారు. ఆయన గురించి ఇంకేమీ తెలియకపోయినా ఫరవాలేదు, ఈ ఒక్కటి తెలిస్తే చాలు. కొందరికి మాటకు ముందు దగ్గు వస్తుంది. కొందరికి ఇంటికి తాళం వేశాక నాలుగుసార్లు లాగి చూసుకుంటే గానీ తృప్తి ఉండదు. ఈయనకు రాజీనామా. ఢిల్లీ ఆర్.కె. పురంలో తెలుగు కుటుంబాల పిల్లల కోసం నడిచిన స్కౌటు దళానికి ఆయన మూడేళ్ళు నాయకుడు. ఆ మూడేళ్ళలో పదిహేడుసార్లు రాజీనామా చేసి, పదిహేడుసార్లూ వెనక్కి తీసుకున్నారు. పద్దెనిమిదోదాని సంగతి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

ఆయనది పిఠాపురం దగ్గర పల్లె. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. యాభై రెండేళ్ళ వయసు, బట్టతల, గంజి పెట్టిన ఖాకీ నిక్కరు, మెడలో స్కార్ఫు. చొక్కా జేబులో విజిల్, దాని వెనక మడిచిపెట్టిన రాజీనామా పత్రం. ఒకసారి టైపు చేయించి, దొంతరగా జిరాక్సులు తీయించి పెట్టుకున్నారు. తేదీ, కారణం మాత్రం ఖాళీ. "సవినయంగా మనవి చేయునది ఏమనగా" అని మొదలై "ఇట్లు మీ విధేయుడు" అని ముగిసేది. మధ్యలో వదిలిన చోటు చిన్నది కాబట్టి కారణాలూ పొట్టిగానే ఉండేవి. మోకాలి నొప్పి. వయోభారం. ఆత్మగౌరవం. ఒక ఆగస్టులో "గాలిలో తేమ" అని రాశారు.

ఇంట్లోనూ ఇదే వరస. కూరగాయలు తెచ్చే బాధ్యతకు ఓసారి రాజీనామా ఇస్తే, ఆయన భార్య కమలాకుమారి గారు శ్రద్ధగా చదివి, అక్కడికక్కడే ఆమోదించి, ఆ కాగితం వెనకవైపే కూరల జాబితా రాసి ఆయన చేతికి తిరిగి ఇచ్చారట. ఆయన సంచీ పట్టుకుని బయల్దేరారు.

నేను ఈ దళంలోకి వచ్చి పడడం రెండువేల మూడు డిసెంబరులో. నాది నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఆవిడ ప్రీతి ప్రభుత్వోద్యోగి కావడంతో సెక్టార్ మూడులో క్వార్టరు దొరికింది. ఒక ఆదివారం పొద్దున్న మా అబ్బాయి చైతుని మైదానంలో దింపి వెళ్ళిపోబోతూ, వాడు స్వెటరు వేసుకున్నాడో లేదో చూద్దామని ఒక్క నిమిషం ఆగాను. ఆ నిమిషంలో నన్ను కార్యదర్శిని చేసేశారు. జీతం లేని పనుల్లో నియామకాలు ఇలాగే జరుగుతాయని తరవాత తెలిసింది. అర్హత ఉన్నవాళ్ళు కారెక్కి వెళ్ళిపోతారు, ఆగినవాళ్ళు దొరికిపోతారు. నేను స్వెటరు వల్ల దొరికాను.

మొదటి సమావేశంలోనే ఆయన లేచి రాజీనామా చదివారు. వారం తిరక్కుండా నావల్ల ఏదో తప్పు జరిగిందనుకుని, వద్దు సార్, మీరే వెళ్ళిపోతే ఎలాగని చేతులు పట్టుకున్నాను. పక్కనున్న పెద్దమనిషి నా చొక్కా లాగి, కంగారుపడకండి, ఇంకా సమోసాలు రాలేదు అన్నాడు.

దానికొక పద్ధతి ఉండేది. దళం నియమావళి రాసింది సదాశివరావు గారే, పూర్తిగా చదివింది కూడా ఆయనొక్కరే. అందులో ఒక రూలు ప్రకారం నాయకుడు రాజీనామా ఇస్తే మిగతా అంశాలన్నీ పక్కనపెట్టి ముందు దాన్నే చర్చించాలి. సమావేశం పదింటికి కమ్యూనిటీ హాల్లో మొదలయ్యేది. పదకొండున్నరకు హాలు యోగా క్లాసు వాళ్ళకు ఇచ్చెయ్యాలి. పది గంటల పది నిమిషాలకు ఆయన పత్రం తీసేవారు. ఒక్కొక్కరూ లేచి ఆయన సేవలను పొగిడి, ఉండమని బతిమాలాలి. ఆయన కిటికీలోంచి ఎటో చూస్తూ వినేవారు. పదకొండుంపావుకు సమోసాలు వచ్చేవి. గుమ్మంలో చాపలు చుట్టి పట్టుకున్న యోగా వాళ్ళు కనపడగానే ఆయన గొంతు సవరించుకుని, సభ్యుల అభీష్టం మేరకు ఉపసంహరించుకుంటున్నాను అనేవారు.

పిల్లలకు కూడా రాజీనామాలు ఇచ్చేవారు. ఒకరోజు స్తంభానికి వేసే ముడి చూపిస్తూ తన ఎడంచేతిని కూడా కలిపి కట్టేసుకున్నారు. పదేళ్ళ ఇషిత, అంకుల్, ముడి తప్పు అంది. ఆయన నొచ్చుకుని, అయితే నేను రాజీనామా చేస్తాను, నువ్వే నేర్పమ్మా అన్నారు. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ మాట హిందీలోనే వస్తుంది. "అంకుల్, పహలే హాథ్ తో ఛుడాయియే" అంది. ముందు చెయ్యి విడిపించుకోవాలన్న సంగతి ఆయన ఒప్పుకున్నారు.

నాకు మాత్రం ఆయన మీద ఓ కోపం ఉండేది. రెండువేల ఐదులో ఇరవై ఒక్క మందిని సుల్తాన్‌పూర్ పక్షుల చెరువుకు తీసుకెళ్ళే బాధ్యత నాది. గుడ్‌గావ్ బస్టాండులో ఉండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సర్వరు ఆగిపోయిందట. సర్వరు గురించి మాట్లాడుతూ పిల్లలందరినీ రేవాడీ వెళ్ళే వేరే బస్సెక్కించాను. ఒక్క పక్షినైనా చూడకుండా రేవాడీలో పకోడీలు తిని సాయంత్రానికి తిరిగొచ్చాం. పిల్లలకు అది పండగ, తల్లిదండ్రులకు కాదు. వచ్చే సమావేశంలో నా సంజాయిషీ అడగాలని అజెండాలో పెట్టారు. నేను మూడు పేజీలు రాసి, రెండుసార్లు అద్దం ముందు చదువుకుని వెళ్ళాను. ఆయన లేచి మోకాలి నొప్పి కారణంగా రాజీనామా చేశారు. నా మూడు పేజీలూ జేబులోనే ఉండిపోయాయి. ఎంతసేపూ తన గొడవే తప్ప ఇంకొకరిని మాట్లాడనివ్వరు అని ఇంటికొచ్చి ప్రీతితో అన్నాను.

ఇక సరళకుమారి. బాపట్ల నుంచి వచ్చి ఇక్కడి ఆస్పత్రిలో నర్సుగా చేసేది. ఆడపిల్లల విభాగానికి నాయకురాలు కావాలని రెండేళ్ళు అడగ్గా అడగ్గా ముందుకొచ్చిన ఒకే ఒక్క మనిషి. హోదా సహాయ నాయకురాలు. కట్టు కట్టడం, స్ట్రెచరు తయారుచెయ్యడం ఆమె నేర్పితే పద్నాలుగు మంది ఆడపిల్లలు ఊపిరి బిగబట్టి చూసేవారు. ఒకటే ఇబ్బంది. ఆమెకు ఆ మధ్య శనివారాలు రాత్రి డ్యూటీ పడింది. పొద్దున్న ఎనిమిదికి దిగి, రెండు బస్సులు మారి వచ్చేది. మా పరేడ్ ఏడింటికి. ఆమె వచ్చేదాకా ఆడపిల్లల వరస ఏ పనీ లేక ఎండలో నిలబడేది.

దళం అధ్యక్షుడు జనార్దనరావు గారిది కరీంనగర్. ప్రభుత్వ సంస్థలో పెద్ద ఉద్యోగం, గడియారం ఆయన్ను చూసి టైము దిద్దుకునేంత సమయపాలన. చెడ్డవాడు కాదు. వరసగా మూడు ఆదివారాలు ఆమె ఆలస్యంగా వచ్చేసరికి నన్ను పిలిచి, ఆమెను తప్పించాలన్న అంశం అజెండాలో రాయమన్నారు. నేను రాశాను. అక్టోబరులో సోహ్నా కొండల దగ్గర క్యాంపు. ఆడ నాయకురాలు లేకపోతే ఆడపిల్లలను తీసుకెళ్ళడానికి లేదు. ఆమెను తప్పిస్తే ఆ పద్నాలుగు మంది ఇంట్లోనే ఉండాలి. ఆ సంగతి తెలిసే రాశాను, అధ్యక్షుల మాట కాదనలేక.

రెండువేల ఆరు సెప్టెంబరు సమావేశం. సరళకుమారి డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, చివరి వరసలో గోడకు తల ఆనించి కూర్చుంది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. సదాశివరావు గారు పది గంటల పది నిమిషాలకు లేచి, జేబులోంచి పత్రం తీసి చదివారు. ఈసారి కారణం వయోభారం. చదివి, కిటికీ వైపు తిరిగారు.

జనార్దనరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆయన మూడేండ్ల సంది అడుగుతనే ఉన్నడు. మనమే ఇస్తలేం. ఈసారి ఇచ్చేద్దాం. ఒప్పుకున్నోళ్ళు చేతులెత్తుండ్రి."

నవ్వుతూ కొందరు ఎత్తారు. విసుగుతో కొందరు ఎత్తారు. రేవాడీ నాటి మూడు పేజీలు గుర్తొచ్చి నేనూ ఎత్తాను. సదాశివరావు గారు కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగి చూశారు. చేతులు లెక్కపెట్టుకోవడానికి తిరిగారనుకున్నాను గానీ, ఆయన ముఖం వాడిపోయింది. మెల్లగా మెడలో స్కార్ఫు తీసి, నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచి, వెనకెక్కడో ఖాళీ కుర్చీలో కూర్చున్నారు. అప్పటికి పది గంటల పదహారు నిమిషాలు. మా చరిత్రలో మొదటిసారి రెండో అంశానికి బోలెడు టైము మిగిలింది.

జనార్దనరావు గారు రెండో అంశం చదివారు. సహాయ నాయకురాలు సరళకుమారిని తప్పించుట. వెనక నుంచి ఒక చెయ్యి లేచింది, సదాశివరావు గారిది.

"పాయింటాఫ్ ఆర్డరండీ. సహాయ నాయకురాలి పోస్టులో ఇప్పుడు ఎవరూ లేరు. రూలు పదకొండు చూడండి. నాయకుడి స్థానం ఖాళీ అయితే ఆ క్షణం నుంచి సహాయకులే నాయకులు. నిమిషం కిందటి నుంచి సరళమ్మే మన నాయకురాలు."

నేను నియమావళి తిరగేశాను. రూలు పదకొండు నిజంగానే ఉంది.

"అయితే నాయకురాల్నే తీసేద్దాం," అన్నారు జనార్దనరావు గారు.

"నిక్షేపంలా తీసెయ్యొచ్చండి. ఆ పని నేను చేస్తానని ముందు ఇంకొకరు రాసివ్వాలి, అదీ రూలే. ప్రతి ఆదివారం, జీతం లేకుండా. ఎవరో చెబితే సెక్రటరీ గారు పేరు రాసుకుంటారు."

నేను పెన్ను తీసి తలెత్తాను. అంతవరకూ నిటారుగా కూర్చున్న సభ్యుల్లో ఒకరికి బూటు లేసు ఊడింది. ఒకరు మోగని ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి వెళ్ళారు. ఇద్దరు పైకప్పు ఫ్యాను పరిశీలించారు. జనార్దనరావు గారు తనకు బీపీ ఉందనీ, టూర్లు ఉంటాయనీ ఎవరూ అడక్కుండానే చెప్పారు. నేను నా పెన్ను వైపు చూసుకున్నాను. ఐదు నిమిషాలు గడిచినా కాగితం మీద ఒక్క పేరూ పడలేదు. అంశం దానంతటదే రాలిపోయింది.

ఆ నిశ్శబ్దానికి సరళకుమారికి మెలకువ వచ్చింది. అందరూ తన వైపే చూస్తున్నారని గ్రహించి, చున్నీ సర్దుకుని లేచింది.

"నన్ను తీసేశారాండీ?"

"లేదమ్మా," అన్నారు సదాశివరావు గారు, "ఎక్కించారు."

అప్పగింత నివేదిక కోసం ఆ మధ్యాహ్నం పాత మినిట్సు పుస్తకం ముందేసుకున్నాను. ఆయన రాజీనామాలు వరసగా రాసుకుంటూ పోతే, ప్రతిదాని కిందా చర్చకు రాకుండా పోయిన అంశం ఒకటి కనపడింది. అగ్గిపుల్లతో సగం డేరా కాల్చిన సుహాస్ అనే కుర్రాణ్ణి తీసెయ్యాలని. గణతంత్ర దినానికి జెండా తెస్తానని మరిచిపోయిన అంద్రెయ, అంటే సరళకుమారి భర్త, క్షమాపణ చెప్పాలని. "గాలిలో తేమ" కింద, క్యాంపులో పక్క తడిపిన ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి ఇక తీసుకురావద్దన్న ఫిర్యాదు. మోకాలి నొప్పి కింద నా పేరు, రేవాడీ. నియమావళి ప్రకారం చర్చకు రాని అంశం రద్దయినట్టే, మళ్ళీ కావాలంటే కొత్తగా నోటీసు ఇవ్వాలి. నెల తిరిగేసరికి అంత కోపం ఎవరికీ మిగిలేది కాదు.

సిగ్గుతో లేచి వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. ఆయన బాల్కనీలో కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తున్నారు. చెయ్యెత్తినందుకు క్షమించమన్నాను. ఆయన మగ్గు పక్కన పెట్టి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు.

"తప్పు చేసినవాణ్ణి నలుగురిలో నిలబెడితే తప్పు తెలుస్తుందేమో గానీ, వచ్చే ఆదివారం ఆ మనిషి రాడండీ. వచ్చేవాళ్ళే మనకి దిక్కు. ఆ గంటన్నరా నన్ను బతిమాలుకుంటే ఎవరికీ నష్టం లేదు కదా."

తువ్వాలు దండెం మీద ఆరేస్తూ, "ఇవాళ మాత్రం కాస్త బాధేసింది. ఒక్కరైనా వద్దంటారనుకున్నాను," అన్నారు.

కమలాకుమారి గారు టీ తెచ్చి, మరి మీరు మూడేళ్ళు వాళ్ళచేత వద్దనిపించుకున్నారు కదా అని ఆయన్నే దెప్పిపొడిచారు.

సరళకుమారి చేసిన మొదటి పని పరేడ్‌ను సాయంత్రం నాలుగింటికి మార్చడం. అంత చిన్న మార్పు ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదు. సదాశివరావు గారు ఆమెకు సహాయకుడిగా చేరి, వరసలో ఆమెకు అందరికంటే ముందు సెల్యూట్ కొట్టేవారు. ఆడపిల్లలు పద్నాలుగు మందీ సోహ్నా వెళ్ళొచ్చారు. మనుషులు చాలక అక్కడ వంట జనార్దనరావు గారు నెత్తినేసుకున్నారు. సరిగ్గా ఆరున్నరకు పొయ్యి వెలిగించి, ఏడింటికి యాభై మందికి చేసిన కిచిడీ గిన్నెకు అంటుకునేలా మాడ్చారు. అంత గిన్నె ఇంకొకటి లేక పిల్లలు రెండురోజులు బ్రెడ్డూ అరటిపళ్ళతో గడిపారు.

నవంబరు సమావేశంలో ఒక తండ్రి, కిచిడీ విషయమై అధ్యక్షుల వారి సంజాయిషీ కావాలన్నాడు. అజెండాలో మొదటి అంశం అదే. జనార్దనరావు గారు చెవులదాకా ఎర్రబడి, చేతిలో కాగితాలు సర్దుకుంటూ లేచారు. సదాశివరావు గారి చెయ్యి అలవాటుగా జేబు మీదికి వెళ్ళింది, కానీ సహాయకుడి రాజీనామాకు ఆ రూలు వర్తించదు. ఆయన నిస్సహాయంగా నా వైపు చూశారు.

అంతలో సరళకుమారి లేచింది.

"ఒక్క నిమిషమండీ. నేను రాజీనామా చేస్తున్నాను."

అందరికంటే ముందు నోరు తెరిచింది జనార్దనరావు గారే. "అట్లంటే ఎట్లమ్మా, నువ్వు లేకుంటే పిల్లలేం గావాలె," అంటూ మొదలుపెట్టి పదినిమిషాలు ఆపకుండా బతిమాలారు. ఆ తరవాత ఒక్కొక్కరే లేచారు. నేను మినిట్సు రాసుకుంటూ, కారణం ఏమని వెయ్యమంటారు అని సరళకుమారిని అడిగాను. ఆమె కాస్త ఆలోచించి, ఆవలింత ఆపుకుంది.

"నిద్రొస్తోందని రాయండి."

అలాగే రాశాను. కిచిడీ ఆ రోజు చర్చకు రాలేదు.