లైసెన్సు అడిగిన పాన్ దుకాణం పిన్ని

మీ వీధిలో బడి పిల్లలకు సిగరెట్లు అమ్మేది ఎవరో తెలియదని మీరు నిజంగా చెప్పగలరా?

మేముండే బెంగాలీ పేట వాట్‌గంజ్‌లో మేం పిన్ని అని పిలిచే శ్రీకాకుళం ఆవిడ పాన్ దుకాణం నడిపేది. పిల్లలెవరైనా సిగరెట్ అడిగితే డబ్బాని అరచేత్తో మూసి, "ఎవలి గుంటడివిరా నువ్వు? మీ అయ్యని తోలుకురా, ఇస్తాను" అనేది.

ఒకరోజు నా ముందే ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు, "అయ్యెందుకు పిన్నీ, దాదా ఉన్నాడుగా" అని నవ్వి, పక్కనే ఆ దాదా, అంటే బెంగాలీ అన్న, సిగరెట్లు కూడా అమ్మే మొబైల్ కవర్ల కొట్టుకు వెళ్లాడు. నిషేధించిన ఈ-సిగరెట్ కొని, ఆవిడ ఎదుటే పొగ వదిలాడు.

ఆ ఆదివారం వీధి దుకాణదారుల సమావేశంలో పిన్ని లేచింది. "పొగాకు అమ్మినోలందరికీ లైసెన్సు పెట్టమని అర్జీ ఇద్దుము. పిల్లలకి అమ్మితే నాదైనా లాగీమందుము" అంది.

"గిరాకీ పోతోందని ఏడుపా మాసీ?" అన్నాడు కవర్ల కొట్టు దాదా, పిన్నిని బెంగాలీలో పిలుస్తూ. అందరూ నవ్వారు. అర్జీ కింద ఆవిడ వేలిముద్ర, నా సంతకం తప్ప మరేమీ పడలేదు.

మిఠాయి అమ్మేవాణ్ణి లైసెన్సు అడిగే మనం, పొగాకు అమ్మేవాణ్ణి ఏమీ అడగం. పక్క కొట్టు ఇస్తున్నంతకాలం పిన్ని మంచితనం ఏ పిల్లాణ్ణీ ఆపలేదు. పోతుందన్న భయం ఉండాలంటే ముందు లైసెన్సు ఉండాలి. ఈ వారమే మీ వార్డు ఆఫీసులో అర్జీ ఇవ్వండి. పక్కింటివాళ్ల చేత కూడా సంతకం పెట్టించండి.