గుంటలో మగ్గం, గాలిలో నెట్టు

కంప్యూటరును ఎక్కడికైనా మోసుకుపోవచ్చు, మగ్గాన్ని మోసుకురాలేం. ఆ ఆదివారం మా ఇంట్లో జరిగిన తంటా అంతా దీనివల్లనే.

గద్వాలలో మా ఇల్లు సందులాగా పొడుగ్గా ఉంటుంది. ముందు గదిలో టెలిఫోను, దాని పక్కన నా చదువు కోసం కొన్న పాత కంప్యూటరు. నడిమింట్లో మంచం, బీరువా. చిట్టచివర మగ్గం గది. మాది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని మా నాన్న నేస్తాడు. దాన్ని చూడాలనుకున్నవాళ్లు ఆ గదికి రావలసిందే.

రెండువేల పదికి కొంచెం ముందు మాట ఇది. నేను హైదరాబాదులో ఎంసీఏ చదువుతున్నాను. నాతో చదివే అమ్మాయికి బెంగళూరులో ఒక పిన్ని ఉంది. ఆమె పుట్టిల్లు రాయచూరు. తన అమ్మమ్మ కట్టిన గద్వాల చీర ఒకటి పాతబడి చిరుగులు పట్టింది, అచ్చం అలాంటిదే ఇంకొకటి కావాలని ఆమె కోరిక. నేను గొప్పకు పోయి మా నాన్న నేస్తాడని మాటిచ్చేశాను.

మా నాన్న అప్పటికి ముప్పై ఏళ్లుగా షావుకారు ఇచ్చిన నూలుతో, షావుకారు చెప్పిన రంగుల్లోనే నేస్తున్నాడు. చీర పూర్తయితే మడిచి షావుకారు చేతిలో పెట్టేవాడు. దాన్ని ఎవరు కొన్నారో, ఎవరు కట్టుకున్నారో ఆయనకు ఎప్పుడూ తెలియదు. ఈసారి మాత్రం సొంతంగా పడుగు వేసుకున్నాడు. రెండు చీరలకు సరిపోయేంత పడుగు. ఒకటి బెంగళూరు ఆమెకు, రెండోది ఎప్పటిలాగే షావుకారుకు.

జానెడు నేశాక నేను ఫోటో తీసి పంపాను. వంకాయ రంగు అంచు ఆమెకు నల్లగా కనిపించిందట. కూతురి పెళ్లిలో కట్టుకునే చీర, నలుపు ఎలా పనికొస్తుంది? పెళ్లి పనుల మీద ఆమె సోమవారమే ఊరికి పోతోంది. ఆదివారం సాయంత్రం అయిదింటికి వీడియోలో మగ్గాన్ని చూపించండి, వెలుతురులో చూసి అవునో కాదో చెప్తాను అంది. ఆమె సరేనంటే నేత సాగుతుంది. కాదంటే, అసలు చూడనే లేకపోతే, పడుగంతా షావుకారుకే.

"పోతే పోనీ బిడ్డా. గని ఇంగ సొంత పడుగు జోలికి పోను," అన్నాడు నాన్న. మామూలుగానే అన్నాడు. కానీ ఆయన పొద్దున్నే గడ్డం గీసుకుని, పెళ్లిళ్లకు తొడిగే తెల్లచొక్కా తొడుక్కుని కూర్చున్నాడు.

"చూపించేది చీరను గదా, నీకెందుకయ్యా తెల్లంగి?" అంది అమ్మ.

"కట్టుకునే మనిషి మొదటిసారి నేసినోన్ని చూస్తది. మంచిగ కనబడొద్దా?" అన్నాడు.

ఇక నెట్టు సంగతి. పదిహేను రోజుల కిందట నేను హైదరాబాదు నుంచి ఒక వైర్‌లెస్ డబ్బా తెచ్చి, ముందు గదిలో ఫోను పక్కన పెట్టాను. స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చుకున్న ల్యాప్‌టాప్ పట్టుకుని మగ్గం గదిలో నిలబడితే సిగ్నల్ గీతలు రెండు కనిపించాయి. తీగ లేకుండా గాలిలో ఇంటర్నెట్ వస్తుందని అమ్మానాన్నలకు ఒక గంట పాఠం చెప్పి, మహా పండితురాలిలా హైదరాబాదు బస్సెక్కాను. ఆదివారం మధ్యాహ్నం మళ్లీ ఇంటికి వచ్చి చూస్తే మగ్గం గదిలో ఒక్క గీత లేదు.

తప్పు ల్యాప్‌టాప్‌దేమోనని ఆపి పెట్టాను. డబ్బాను ఆపి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ పెట్టాను. పాస్‌వర్డ్ మార్చాను. డబ్బా వెనక చిన్న రంధ్రంలో అమ్మ సూది పెట్టి నొక్కి, అన్నీ మొదటి నుంచి నింపాను. ముందు గదిలో పాత కంప్యూటరు తీగతో శుభ్రంగా పనిచేస్తోంది. ల్యాప్‌టాప్‌కు మాత్రం డబ్బా పక్కనే కూర్చుంటే రెండు గీతలు, నడిమింట్లోకి పోతే ఒకటి, మగ్గం గది గడప దాటితే ఏమీ లేదు. నా ఎంసీఏ కూడా సరిగ్గా ఆ గడప దగ్గరే ఆగిపోయింది.

"అమ్మా, నువ్వేమన్న ముట్టినవా దీన్ని?" అని అడిగాను. కోపం వస్తే మొదట అమ్మ మీదికే పోవడం నాకు చిన్నప్పటి అలవాటు.

"నేనెందుకు ముట్టుకుంట? దుమ్ము తుడిచి పైన గలీబు తొడిగిన, గంతే," అంది.

నిజమే. మా ఇంట్లో ఏ కొత్త వస్తువు వచ్చినా అమ్మ దానికి మిగిలిన చీర ముక్కతో తొడుగు కుడుతుంది. నూలు పని జరిగే ఇల్లు కాబట్టి సన్నటి పీచు లేచి అన్నిటి మీదా వాలుతుంది. రేడియోకు, టీవీకి, ఫోనుకు అన్నింటికీ గలీబులున్నాయి. ఈ డబ్బాకైతే ఇంకా ముద్దుగా కుట్టింది. ముందు దీపాలు కనిపించడానికి చిన్న కిటికీ కత్తిరించింది. పైకి లేచిన కొమ్ముకు వేలికి తొడిగినట్టు వేరే తొడుగు పెట్టింది. ఇంటికి రాగానే చూసి నేనే మెచ్చుకున్నాను కూడా. సూది గుచ్చడానికి వెనక పక్క ఎత్తి, మళ్లీ నా చేతులతోనే సర్దిపెట్టాను.

మూడింటికి టెలిఫోను లైన్‌మన్‌ను పిలిచాను. ఆయన మా వీధిలోనే ఉంటాడు, ఆదివారమైనా పాపం వచ్చాడు. ఫోను ఎత్తి విన్నాడు, తీగ వెంబడి గుమ్మం దాకా పోయి వచ్చాడు, కంప్యూటరులో ఏదో పేజీ తెరిపించి చూశాడు.

"లైను బంగారమోలె ఉన్నది," అన్నాడు.

"మరి లోపలికి వస్తలేదన్నా."

"వైరున్నకాడిదాక నా డ్యూటీ చెల్లె. గాలిల పోయేదాని సంగతి నాకు తెల్వదు," అన్నాడు. అమ్మ ఇచ్చిన చాయ్ తాగి, పరేషాన్ కావొద్దని చెప్పి వెళ్లిపోయాడు.

నాలుగు కావస్తోంది. డబ్బాతోపాటు వచ్చిన పుస్తకం తీసి, ఇంగ్లీషులో ఉన్నది నాన్నకు తెలుగులో చదివి వినిపించాను. మందపాటి గోడలుంటే సిగ్నల్ తగ్గుతుంది. గోడలను ఇప్పుడేం చేస్తాం? డబ్బాకు, కంప్యూటరుకు నడుమ ఇనుము, రాగి, వెండి, ఏ లోహమైనా అడ్డం ఉండకూడదు.

"ఇనుమంటే బీరువ గదా," అన్నాడు నాన్న.

బీరువా సరిగ్గా నడిమింట్లో, రెండు గదులకు అడ్డంగా ఉంది. ముగ్గురం కలిసి దాన్ని జరపడం మొదలుపెట్టాం. పెట్టినప్పటి నుంచి అది కదిలి ఎరగదు. అమ్మ ఒక పక్క తోస్తూనే, "పదిహేను దినాలకింద గిదే బీరువ గీడనే ఉండె, అప్పుడెట్ల వచ్చిందే?" అంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ చదువుకున్నదాన్ని కదా, వినిపించుకోలేదు. బీరువా వంటింటి గుమ్మానికి అడ్డంగా వచ్చి ఆగింది. దాని కింద ఎప్పుడో పోయిన నా వెండి కాలి పట్టీ ఒకటి దొరికింది. సిగ్నల్ మాత్రం దొరకలేదు.

నాలుగున్నర దాటింది. నేను ముందు గదిలో గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాను. ఏడుపు వచ్చింది. మాటిచ్చింది నేను, డబ్బా తెచ్చింది నేను, పాఠం చెప్పింది నేను. పడుగు పోతే పోయేది మాత్రం నాన్నది.

నాన్న బీరువాను వదిలేశాడు. వచ్చి డబ్బా ముందు నిలబడ్డాడు. ఊరికే నిలబడితే ఆయన చేతులు ఊరుకోవు, ఏ బట్ట దగ్గరున్నా బొటనవేలికి చూపుడువేలికి నడుమ పెట్టి నలుపుతాయి. అట్లాగే గలీబు అంచును నలుపుతూ ఆగిపోయాడు.

"ఇది యాడిది?" అని అమ్మను అడిగాడు.

"నీదే. మనకు పెండ్లయిన కొత్తల కొంగు నేసినవు గదా, తప్పొచ్చిందని షావుకారి వాపస్ కొట్టిండు. గదే. నాలుగు మడతలేసి కుట్టిన, గట్టిగుంటదని."

"ఒంటి మడతలనే జరీ చిక్కగుంటది, నువ్వు నాలుగేసినవా?" అన్నాడు నాన్న. ఆయన ముఖంలో మెల్లగా నవ్వు వచ్చింది. "బిడ్డా, వెండి అడ్డముండొద్దన్నవు గదా పుస్తకంల?"

"అవును."

"అప్పటి జరీ అంటే ఏందనుకున్నవ్? పట్టుపోగుకు వెండితీగ చుట్టి, మీద బంగారు నీళ్లు పోస్తరు. బీరువను జరిపినం గని, డబ్బాకే వెండి అంగి తొడిగి కూసున్నం."

నేను లేచి గలీబు లాగేశాను. ల్యాప్‌టాప్ పట్టుకుని మగ్గం గదికి పరిగెత్తాను. గడప దాటాక కూడా రెండు గీతలు నిలబడ్డాయి, మగ్గం దగ్గరికి పోయినా పోలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

"గీ కాలపు ప్లాస్టిక్ జరీ అయితే గంతగనం అడ్డం పడకపోవు. అసలుది గావట్టే పడ్డది," అని నాన్న మగ్గంలో కూర్చుంటూ అన్నాడు. నెట్టు ఆగినందుకు ఆయన కొంచెం గర్వపడుతున్నాడని నాకు అనుమానం వచ్చింది.

అయిదింటికి బెంగళూరు ఆమె తెర మీద కనిపించింది. ల్యాప్‌టాప్‌ను కిటికీ పక్కకు తిప్పి అంచు చూపించాను. "వంకాయ రంగే," అంది ఆమె వెంటనే, రాయచూరు కన్నడలో. నాన్నకు ఆ కన్నడ బాగానే వస్తుంది. ఇద్దరూ నన్ను పక్కన పెట్టేసి మాట్లాడుకున్నారు. చివరికి, పోల్చి చూడండని ఆమె తన అమ్మమ్మ చీర కట్టుకునే వచ్చినట్టు చెప్పి, లేచి నాలుగడుగులు వెనక్కి పోయి నిలబడింది. మెల్లగా ఒకసారి చుట్టూ తిరిగింది.

నాన్న తెరవైపు ముందుకు వంగాడు. మగ్గం మీద ఆయనకు చీర ఎప్పుడూ మూరెడే కనిపిస్తుంది, నేసింది నేసినట్టు చుట్టుకుపోతుంది. పూర్తయ్యాక మడతలో ఉంటుంది. కొంగు భుజం మీదినుంచి ఎట్లా జారుతుందో, అంచు నడకలో ఎట్లా కదులుతుందో ఆయన అంత నిమ్మళంగా చూసింది అదే మొదలు. ఆమె సరేనంది, నేత సాగించమంది, కాల్ అయిపోయింది. ఆయన మాత్రం ఇంకా ఆ తెరవైపే చూస్తున్నాడు.

తర్వాత గుంటలోంచే తల తిప్పి అమ్మను చూశాడు. అమ్మ పువ్వుల వాయిల్ చీరలో, చేతిలో గలీబుతో గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"నువ్వెప్పుడు కట్టలే గదా," అన్నాడు.

"నేను కట్టుకుంట కూసుంటే ఇల్లెట్ల నడుస్తుండె?" అని అమ్మ నవ్వి, బీరువాను ఎవరు వెనక్కి జరుపుతారని అడిగింది.

రెండో చీర షావుకారుకు పోలేదు. ఆ సంగతి నాకు ఫోనులో ఎవరూ చెప్పలేదు. నెలన్నర తర్వాత నేను హైదరాబాదు హాస్టల్‌లో ఉండగా నాన్న ఒక రోజు వీడియో కాల్ చేయమన్నాడు. ల్యాప్‌టాప్‌ను నా స్నేహితురాలి అనుమతితో మా ఇంట్లోనే ఉంచి వచ్చాను. నేను ఇంటర్నెట్ సెంటరుకు పోయి కాల్ కలిపాను. మగ్గం గది కనిపించింది. మగ్గం పక్కన అమ్మ, పచ్చటి చీరలో, వంకాయ రంగు అంచుతో, ఎక్కడ చూడాలో తెలియక నేల చూస్తోంది.

"జర దూరం పోయి నిలబడు. కొంగు కనబడ్తలేదు," అని నాన్న గొంతు వినిపించింది. "ఆమె తిరిగినట్లు ఒకపారి తిరుగు."

అమ్మ సిగ్గుపడుతూ తిరగబోయింది. సగం తిరిగి, కొంగు గాలిలో ఉండగా, బొమ్మ ఆగిపోయింది. నెట్టు పోయింది. నాన్న మాట కూడా ఆగిపోయింది.

ఏం చేయాలో నాకు తెలుసు. కాల్ కట్ చేసి మళ్లీ కలిపితే చాలు. ఇంకా టైముందా అని సెంటరు అతను అడిగాడు. ఉందన్నాను. మౌస్ ముట్టకుండా, తెర మీద ఆగిపోయిన మా అమ్మను చూస్తూ అట్లాగే కూర్చున్నాను.