మేనేజర్ గదీ, పులి సొరచేపా

మా బెంగళూరు ఫ్యాక్టరీలో డైవింగ్ పరికరాలు పరీక్షించే సీనియర్ టెక్నీషియన్ ఎవరికీ వీపు చూపేవాడు కాదు. మేనేజర్ గదిలోంచి కూడా వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికొచ్చేవాడు. ఎనభై మూడులో ట్రెయినీ ఇంజనీరుగా చేరిన నేను ఆయన అలవాట్లకు ఒక జాబితా రాసుకుని, దీన్ని ‘కాకా పట్టడం’ కింద చేర్చాను.

ఆ ఏడే కొత్త సిలిండర్లు పరీక్షించడానికి ఇద్దరం అండమాన్ వెళ్ళాం. పద్దెనిమిది మీటర్ల లోతులో పులి సొరచేప ఎదురైంది. పొడవు సుమారు నాలుగు మీటర్లు. నేను వెనుదిరిగి పారిపోబోయాను. ఆయన నా సిలిండర్ పట్టుకుని నన్ను దానికి ఎదురుగా తిప్పాడు. అది మా చుట్టూ తిరిగినంతసేపూ, నా భుజం పట్టుకుని వదలకుండా, నన్నూ దానితోపాటే తిప్పాడు. మూడో చుట్టు తర్వాత అది వెళ్ళిపోయింది.

పడవ ఎక్కాక ఆయన మాస్కు తీశాడు.

“వీపు తిప్పితే అది మనల్ని తిండి అనుకుంటాదప్పా. కండ్లలోకి చూస్తా ఉంటే సుమ్నే, గమ్మున పోతాది,” అన్నాడు.

“మేనేజర్ గదిలోనూ అందుకేనా సార్?”

“ఈ చేపన్నా మూడు చుట్లకు పోయింది. ఆయప్ప పదేండ్లుగా ఆడే ఉండాడు.”

జాబితాలో ఆ శీర్షిక కొట్టేశాను.

నాలుగేళ్ళకు ఆయన రిటైరయ్యాడు. ఆరోజు కూడా మేనేజర్‌కు దండం పెట్టి, వెనక్కి నడుస్తూనే గదిలోంచి వచ్చాడు. గేటు దగ్గర నేనొక్కడినే ఉన్నాను.

“వస్తానప్పా,” అని, నాకు వీపు తిప్పి బస్‌స్టాపు వైపు నడిచాడు.

ఆయన ఎడమ భుజం కుడిదానికన్నా కాస్త కిందికి ఉందని అప్పుడే చూశాను.