నంద్యాల రైలు గేటు దాకా నా కవాతు

నడి ఊళ్లో, పట్టపగలు, ఖాకీ బట్టలేసుకున్న ముప్పై మందిని పోగొట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. గొర్రెను పోగొట్టుకున్నవాడి మీద సంతలో నలుగురికైనా జాలి కలుగుతుంది. ప్లటూన్‌ను పోగొట్టుకున్నవాడి గతి ఏమిటో చెప్తాను, నవ్వకుండా వినండి. నవ్వినా ఫరవాలేదు, ఆ రోజు సగం నంద్యాల నవ్వింది.

తొంభైల చివరి సంగతి. ఆళ్లగడ్డలో హోంగార్డులకు వారం వారం కవాతు చేయించే పని నాకు అప్పజెప్పారు. కాలేజీలో సంపాదించిన కవాతు సర్టిఫికెట్ ఒకటి, పెద్ద గొంతు ఒకటి, ఇవే నా అర్హతలు. మావాళ్లకు అది పూర్తికాలం ఉద్యోగం కాదు. అహోబిలం తిరునాళ్లకో, ఎలక్షన్లకో పిలిస్తే వచ్చేవారు. మిగతా రోజుల్లో కొందరు రాతి విగ్రహాలు చెక్కేవాళ్లు, కొందరు ఆటోలు తోలేవాళ్లు, కొందరు మిల్లుల్లో మూటలు మోసేవాళ్లు. కవాతుకు మాకిచ్చిన చోటు మార్కెట్ యార్డులో ఒక మూల. అక్కడ మిరపకాయలు ఆరబోసి ఉంటే ఆ ఘాటుకు తుమ్ముకుంటూ కాళ్లు కదపాలి. తుపాకులంటారా, రెండుండేవి, స్టేషన్‌లో బీరువాలో భద్రంగా. అందుకని మావాళ్లు ఇంటి నుంచి కర్రలు తెచ్చుకునేవారు. శిల్పం పని చేసే ఓబులేసు మాత్రం గడ్డపార భుజాన పెట్టుకుని వచ్చేవాడు. అతను వెనక్కి తిరిగినప్పుడల్లా నేను నాలుగడుగులు పక్కకు జరిగేవాణ్ణి.

ఇలాంటి కవాతుకు ఎవరు వస్తారు? మొదటి నెల అందరూ వచ్చారు. రెండో నెల సగం మంది. మూడో నెలకు ఓబులేసు, ఆటో తోలే యేసురత్నం, నేను మిగిలాం. ముగ్గురమే మూడు వరసలు కట్టేవాళ్లం.

"మిగతావాళ్లంతా యాడబోయినారన్నా?" అని అడిగాను ఓబులేసును.

"కడుపులో ఏమీ లేకుండా పొద్దన్నే ఎగిరేదానికి ఎవరొస్తారు సారూ," అన్నాడు.

"ఉగ్గాని పెట్టిస్తే?"

"బజ్జీ గూడా పెట్టిస్తే వాళ్ల తాతలు గూడా వస్తారు."

పైవాళ్లను బతిమాలి టిఫిను ఏర్పాటు చేయించాను. మరుసటి వారానికి ముప్పై మందీ హాజరు. వాళ్లందరికీ యార్డు మూల మొదటి నెల నుంచీ ఇరుకే, దానికీ నా బుర్ర ఒక ఉపాయం చెప్పింది. యార్డు నుంచి నంద్యాల రోడ్డు మీదున్న ఉగ్గాని హోటల్ దాకా ఉన్న దారినే మైదానం చేశాను. మా కమాండ్లన్నీ హిందీలోనే. "తేజ్ చల్" అంటే చాలు, బయలుదేరేవారు. హోటల్ ముందుకు రాగానే బజ్జీల వాసనకు వాళ్లంతట వాళ్లే ఆగిపోయేవారు. ఆహా ఏం క్రమశిక్షణ అని మురిసిపోయాను. ఆగమని చెప్పే పనే నాకు లేకుండా పోయింది. ఏడాది పాటు ఆ మాట నా నోట రాలేదు. మీరిక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి, అప్పుడు నేను ఆలోచించలేదు.

ఒకటే చిక్కు. దారిలో ఎవరో ఒకరు "ఓబులేసప్పా, యాడికి పోతాండావ్?" అనేవారు. అతను పలకరిద్దామని నిలబడేవాడు. వెనకున్నవాళ్లంతా వచ్చి అతని మీద పడేవారు. అందుకని గట్టిగా చెప్పాను.

"దారిలో ఎవరు పిలిచినా పలకొద్దు. నేను పిలిచినా పలకొద్దు. కమాండ్ తప్ప ఏ మాట చెవినబడినా నిలబడొద్దు."

"నీకే ఏమన్నా అయితే సారూ?" అన్నాడు యేసురత్నం.

"నాకేమన్నా కానీ, మీరు నడుస్తానే ఉండాల."

నా జీవితంలో నా మాటను అంత బాగా పట్టించుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు.

అంతలో కబురొచ్చింది. కర్నూలు నుంచి పెద్ద ఆఫీసరు నంద్యాలకు వస్తున్నాడు, మా కవాతు చూస్తాడు. నచ్చితే సరే. నచ్చకపోతే ఆళ్లగడ్డ కవాతు ఎత్తేస్తారు, మావాళ్లంతా వారం వారం నంద్యాలకు రావాలి.

"నంద్యాలకు పోయొచ్చేతలికి దినమంతా పాయె," అన్నాడు ఓబులేసు. "ఆ పొద్దు కూలి లేనట్లే. ఎట్లన్నా చేసి దీన్ని ఈడనే నిలబెట్టు సారూ."

"నేనుండాను గదన్నా," అన్నాను. ఆ మాట అన్న నోటిని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

ఆ రోజు నంద్యాలలో పెద్ద మైదానం, షామియానా, దాని కింద ఆఫీసరు. "సావధాన్" అన్నాను. ముప్పై జతల మడమలు ఒక్కసారే కొట్టుకున్నాయి. "తేజ్ చల్" అన్నాను. కదిలారు చూడండి, ఆఫీసరు కుర్చీలో ముందుకు వంగాడు. మైదానం చివరి గేటు దగ్గరపడుతోంది, ఇక ఆపాలి అనుకుని నోరు తెరిచాను. నోట్లో మాట లేదు.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. హాజరుకు నేను ఉగ్గాని మందు వేస్తే నిజంగా నాలుకే పోయింది.

"ఆగండి," అన్నాను. ఎవరూ ఆగలేదు. "రుకో" అన్నాను, "బస్" అన్నాను, "చాల్చాలు" అన్నాను. చివరికి బస్సు కండక్టర్‌లా "హోల్డాన్" అని కూడా అరిచాను. గేటు దాటి రోడ్డెక్కేశారు.

"ఓబులేసన్నా, నీ కాళ్లు మొక్కుతా, నిలబడన్నా," అంటూ వెంటపడ్డాను.

"సారేమో అంటాండాడప్పా," అన్నాడు ఓబులేసు తల తిప్పకుండా.

"కమాండ్ కాదులే, నడువు," అన్నాడు యేసురత్నం.

ఆటోలు పక్కకు తప్పుకున్నాయి. టీ అంగళ్ల ముందున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. ముందు ప్లటూన్, వెనక రొప్పుకుంటూ నేను, నా వెనక ఆఫీసరు జీపు. పెళ్లికొడుకు ఒక్కడే తక్కువ.

దేవుడున్నాడు, రైలు గేటు పడింది. ముందుకు పోను దారి లేదు, ఆగమన్న మాట రాలేదు. మావాళ్లు గేటుకు మూరెడు దూరంలో ఉన్నచోటే అడుగులు వేస్తున్నారు. ఎదురుగా గూడ్సు బండి పోతోంది. ముప్పై మంది కాళ్లూ ఒకేసారి లేస్తున్నాయి, ఒకేసారి పడుతున్నాయి. వాళ్లను చూస్తే నాకు ఏడుపొచ్చింది. నా పరువు పోతే పోనీ, నా మూలంగా వీళ్ల కూలి పోతుందే అనిపించింది.

ఆఫీసరు జీపు దిగాడు. "ఆపవయ్యా."

"మాట మర్చిపోయినా సార్."

"ఏం మాట?"

"అది గుర్తుంటే ఆపేసేవాణ్ణి గదా సార్."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, వాళ్లవైపు తిరిగి "థమ్" అన్నాడు. ముప్పై మందీ ఒక్క దెబ్బకు ఆగిపోయారు. అవును, అదే ఆ మాట. ఒక్క అక్షరం, దానికింకో పొల్లు.

"మీ సారు అంతలా అరుస్తుంటే ఎందుకాగలేదు?" అని ఓబులేసును అడిగాడు.

"కమాండ్ తప్ప ఏ మాటా వినగూడదని సారే చెప్పినాడు సార్. కాళ్లు మొక్కుతా అనేది కమాండ్ కాదు గదా."

ఆఫీసరు నవ్వు ఆపుకోలేక టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి తేరుకుని, "ఇలాంటి మనుషులకు నంద్యాలలో నేర్పేదేముంది? వీళ్ల కవాతు ఆళ్లగడ్డలోనే జరగనీ," అన్నాడు.

గుండెల మీద నుంచి ఓబులేసు చెక్కే బండంత బరువు దిగింది. అక్కడికక్కడే చేతులెత్తి దండం పెట్టాను. యేసురత్నం ముఖం వెలిగిపోయింది. నేనింకా దండం దించకముందే ఆఫీసరు నావైపు వేలు చూపించాడు.

"నువ్వు మాత్రం వారం వారం నంద్యాలకు రా. కొత్తగా చేరినవాళ్లతో కలిసి వెనక వరసలో నిలబడు."

అలా ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు వారం వారం కవాతుకు పోయి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కనుక పదిమంది ఎదుట ఇదే నా ప్రతిజ్ఞ. ఆపే మాట నాలుక చివర సిద్ధంగా లేనిదే ఈ జన్మలో దేన్నీ కదలమనను. పెళ్లిచూపుల్లో అమ్మాయిని పాట పాడమనే ముందు కూడా ఆ మాటను లోపల రెండుసార్లు అనుకున్న తర్వాతే నోరు విప్పాను.