ఐదు నెలల తేడాతో అన్నాచెల్లెలు

ఎర్లీన్ ప్రూయిట్ ముప్పై ఒక్క ఏళ్లు మా ఊరి బడి వంటగదిలో పనిచేసింది. నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ మొక్కజొన్న రొట్టె ఒకటే సైజు ముక్క కోసి పెట్టింది. ఆదివారాలు చర్చి గుమ్మం దగ్గర తెల్ల గ్లౌజులు తొడుక్కుని నిలబడి, ఆలస్యంగా వచ్చినవాళ్లను కళ్లతోనే కడిగేసేది. నాకు మేనత్త వరస. పెళ్లి చేసుకోలేదు. అన్న ఓతా భార్య పోయాక ఆయన ఇంటికే వచ్చేసింది.

మా నల్లవాళ్లలో పుట్టుకలూ చావులూ కుటుంబ బైబిల్లో రాస్తారు. ప్రూయిట్ల బైబిల్లో వాళ్లమ్మ చేతిరాతతో ఉంది: ఓతా లీ, 1945 నవంబరు 11. కోర్టు కాయితంలో మాత్రం 1947 అక్టోబరు 9. మంత్రసాని లువీనియా పిల్లాడు పుట్టిన వారానికే చీటీ పట్టుకెళ్లి కోర్టు గుమస్తాకిచ్చింది. నల్లవాళ్ల చీటీ కదా, ఆయన సొరుగులో పడేశాడు. రెండేళ్లకు ఎవరో సొరుగు దులిపి, ఆ దులిపిన రోజే పుట్టినరోజని రాసిపారేశారు. ఎర్లీనత్త పుట్టేసరికి గుమస్తా మారాడు. ఆమె తేదీ సరిగ్గానే ఎక్కింది: 1948 మార్చి 2.

అంటే ప్రభుత్వం లెక్క ప్రకారం ఒకే తల్లికి అన్నా చెల్లెలూ ఐదు నెలలైనా తేడా లేకుండా పుట్టారు. డెబ్బై ఏళ్లకు పైగా ఆ రెండు కాయితాలూ ఒకే కోర్టులో ఉన్నాయి. ఒక్క అధికారికీ అనుమానం రాలేదు. 1971లో ఓతా దిద్దించుకోవడానికి వెళితే, మంత్రసాని మాట చెల్లదు, కాన్పు చేసిన డాక్టర్ని తీసుకురమ్మన్నారు. పత్తి చేల మధ్య గుడిసెలో నల్లతల్లి నొప్పులు పడుతుంటే డాక్టరు వచ్చే రోజులా అవి? ఆ తప్పుడు తేదీ పుణ్యాన పింఛను ఆలస్యమై ఆయన చేపల ఫ్యాక్టరీలో రెండేళ్లు ఎక్కువ నిలబడి పనిచేశాడు. అయినా భోజనాల దగ్గర నవ్వుకునేవాళ్లు.

“నీకంటే ఐదు నెలలే పెద్దంట నేను. ఇంక నా మాట వినక్కర్లేదు నువ్వు,” అనేవాడు ఓతా.

“ఎప్పుడు విన్నానని?” అనేది అత్త.

2021 జనవరిలో కరోనా టీకా మా కౌంటీకి వచ్చింది. ముందు డెబ్బై అయిదు నిండినవాళ్లకే అన్నారు. నల్లా తెల్లా తేడా లేదు, అందరికీ ఒకటే గీత, ఇంతకన్నా న్యాయం ఏముంది అన్నారు. ఆ గీత గీసినవాళ్లు ఒక్కసారి మా వీధిలో నడిచి ఉండాల్సింది. చేలకు కొట్టే మందు పీల్చి, షుగరుతో కాళ్లు తీయించుకుని, ఉన్న ఒక్క ఆసుపత్రీ మూతపడి, మా మగవాళ్లలో డెబ్బై అయిదు చూసినవాళ్లు ఎంతమంది? మావాళ్లు బతికి చేరలేని చోట గీత గీసి దానికి న్యాయమని పేరు పెడితే నాకు ఒళ్లు మండదూ?

ఓతాకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్‌కి ఒక వ్యానులో ఏడుగురితో కలిసి వెళ్లాలి. మానేస్తే చస్తాడు. వెళితే పక్కవాడి దగ్గు. అప్పటికే ఆ వ్యానులో రెండు సీట్లు ఖాళీ అయ్యాయి. అందుకే అత్త అన్న టీకాకి పేరు రాయించాలని మూడు రోజులు ఫోను వదల్లేదు. పుట్టిన తేదీ అడిగితే బైబిల్లో ఉన్నదే చెప్పింది. ఆమె లెక్కలో నిజమైన తేదీ అదొక్కటే. గురువారం పొద్దున పదింటికి రమ్మన్నారు.

టీకాలు వేస్తున్న సంత మైదానం గేటు దగ్గర బండ్ల వరస. నేను నడుపుతున్నాను, అత్త పక్కన, ఓతా వెనక. మా ముందు బండిలో సరస్సు పక్క పెద్ద ఇళ్లలో ఉండే ఆయన. అరవై కూడా ఉండవు. డెబ్బై అయిదు దాటిన ముసలమ్మను చూసుకునేవాణ్ణి, నాకూ వేయాలని చెప్పాడు. బండిలో ముసలమ్మ లేదు. పోనిచ్చారు.

గేటు దగ్గర డెరల్. పోలీసు. చిన్నప్పుడు అత్త చేతి రొట్టె తిన్నవాడే.

“మిస్ ఎర్లీన్, ఈయన గుర్తింపు కార్డులో డెబ్బై మూడే ఉందండీ.”

“అది కోర్టువాళ్ల తప్పు నాయనా. ఇదిగో బైబిలు, చూడు.”

“పుస్తకాలు చెల్లవండీ. కార్డే చూడాలి.” బైబిలు తెరవను కూడా లేదు.

అత్త తన కార్డు తీసి అన్న కార్డు పక్కన పెట్టింది. “ఇద్దరం ఒకే కడుపున పుట్టాం. మధ్యలో నెలలు లెక్కపెట్టు.”

డెరల్ వేళ్లు మడిచాడు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు... మార్చి దగ్గర ఆగిపోయాడు.

“ఐదు నెలలకోసారి ఈనడానికి మా అమ్మేమన్నా మేకా?”

“తప్పేనండీ. కనిపిస్తూనే ఉంది. కానీ నా చేతుల్లో ఏముంది?”

“గేటు నీ చేతుల్లోనే ఉంది కదరా.”

“పోనీలే ఎర్లీన్, పద,” అన్నాడు వెనక నుంచి ఓతా. “ఇన్నేళ్లు ఆగాను. నాలుగు వారాల్లో గీత దించుతారంటగా, ఆగలేనా?”

నేను బండి వెనక్కి తిప్పాను. ఆ పని చేసినందుకు నామీద నాకు ఇప్పటికీ కోపమే. అక్కడే అడ్డంగా ఆపేసి ఉండాల్సింది.

ఐదో రోజున ఓతాకు జ్వరం. నలభై మైళ్ల అవతల ఆసుపత్రి. జనవరి ఇరవై తొమ్మిదిన పోయాడు. మరణ పత్రంలో వయసు డెబ్బై మూడు అని రాశారు, కార్డుతో కలవాలట. “తప్పుగా పుట్టించారు, తప్పుగానే చంపారు,” అంది అత్త. ఏడవలేదు. గ్లౌజులు తొడుక్కుని అన్న శవపేటిక పక్కనే నిలబడింది.

మరుసటి వారం గీత అరవై అయిదుకు దించారు. అత్తకూ పిలుపొచ్చింది. మళ్లీ అదే గేటు, అదే డెరల్. అత్త తన కార్డుతో పాటు అన్న కార్డు కూడా అందించింది.

“వీళ్లిద్దరికీ వయసు సరిపోతుందా ఇవాళ?”

“సరిపోతుందండీ. ఇద్దరికీ వేయించేద్దాం.” వెనక సీటులోకి తొంగి చూశాడు. “ఆయనేరి?”

అత్త ఒళ్లో బైబిలు తెరిచి కిటికీలోంచి అతని ముందుకు జరిపింది. “చదువు.”

డెరల్ కళ్లు ఆ పేజీ మీద కిందికి దిగాయి. చివరి వరస దగ్గర ఆగాయి.

“బయటికి చదువు నాయనా. వెనక బండ్లవాళ్లు కూడా వినాలి.”

“ఓతా లీ ప్రూయిట్,” అన్నాడు. “పుట్టింది నవంబరు 11, 1945. పోయింది జనవరి 29, 2021.”

వెనక ఎవరో హారన్ కొట్టారు. అత్త పుస్తకం వెనక్కి తీసుకోలేదు.

“ఇప్పుడు చెప్పు. నువ్వు గేటు తియ్యని రోజున మా అన్నకు ఎన్నేళ్లు?”

“డెబ్బై అయిదు, మిస్ ఎర్లీన్,” అన్నాడు డెరల్.