పేర్రాజు గారి పొయ్యి

అమెరికాలోని వెర్మాంట్‌లో మంచు కరగడం మొదలవగానే పేర్రాజు గారు మంకీ క్యాపు పెట్టుకుని పెరట్లోకి దిగుతారు. బాయిలర్ ఇంజనీరుగా రిటైరైన మనిషి. పాత ఇనుప ఫైల్ క్యాబినెట్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, పొగగొట్టం తగిలించి, పైన మూడు స్టీలు ట్రేలు అమర్చి, మేపుల్ చెట్ల తియ్యటి నీరు సిరప్‌గా కాచే పొయ్యి స్వయంగా తయారుచేశారు. గరిటె ట్రేలో తిరుగుతుంటుంది, చూపు మాత్రం కంచె అవతలే. అక్కడ పొరుగాయన వాల్టర్ కూడా సిరప్ కాస్తాడు. అసూయకు రంగంటూ ఉంటే పేర్రాజు గారిది లేత తేనె రంగు. వాల్టర్ సిరప్పు రంగు అదే మరి. ఆయన భార్య సుభద్రమ్మ గారు అట్ల మీద ఆ సిరప్పే పోస్తారు. "మీది నల్లగా మాడిపోయుంటుందండీ," అంటారు. మూడేళ్లుగా ఆవిడ నోట ఒక్క మెప్పు మాట కోసమే ఈ మంటంతా.

రెండువేల తొమ్మిది మార్చిలో ఒకనాడు, వాల్టర్ పొయ్యి మీద ఆవిరి తనకన్నా ఎత్తు లేచిందని పేర్రాజు గారు కట్టెలు రెట్టింపు చేశారు. ఆ ధ్యాసలో థర్మామీటరు మరిచి, చిన్నప్పుడు బెల్లం పొయ్యి దగ్గర తాత చేసినట్టు నీళ్లగిన్నెలో చుక్క వేసి చూస్తూ, ఉండ కట్టేదాకా కాచేశారు. పాకం ట్రేలో గడ్డకట్టింది. సుభద్రమ్మ గారు ముక్క చప్పరించి కళ్లు మూసుకున్నారు.

"అచ్చం అనకాపల్లి బెల్లమండీ! వాల్టర్‌కీ ఇచ్చొస్తాను."

"వద్దే" అనేలోపే ముక్క కంచె దాటింది.

"పెర్రాజ్! హౌ డిడ్ యు మేక్ దిస్?" అని అటునుంచి కేక. పేర్రాజు గారు వినబడనట్టు ట్రే తోముతూ కూర్చున్నారు.

మర్నాడు పొద్దు వాలినా వాల్టర్ పెరట్లో పొగ ఆగలేదు.

"మీ బెల్లమే పెట్టాను, అట్లు చల్లారిపోతున్నాయి రండి," అని సుభద్రమ్మ గారు పిలిచారు.

"నా పాకమే పడుతున్నాడే వాడు," అన్నారు పేర్రాజు గారు, కిటికీ వదలకుండా.